ఆరు నెలలకు ఒకటి

ప్రొద్దుటూరు
డిసెంబరు 11, బుధవారం. పొద్దున మబ్బు, పది దాటాక ఎండ. షాపు చిమ్మి, బంగారు అంగళ్ళవాళ్ళ త్రాసులు మూడు తుడిచి పెట్టాను.

మెహబూబున్నీసా మేడం గారికి,
అస్సలాము అలైకుం.

మీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబు త్రాసు బాగైంది. దండె ఆనుకునే అంచు అరిగింది, కొత్తది వేశాను. ఎడమ పళ్ళెంలో ఎవరో తడి ఉప్పు తూచారు. వద్దని చెప్పండి. పెట్టెను కిటికీకి దూరంగా ఉంచండి. గాలికి ముల్లు ఆడుతుంది.

ఫోన్ చేయమని నంబరు ఇచ్చారు. ఫోన్లో నాకు మాట రాదు. అవతలివాళ్ళు "హలో, ఉండారా" అని నాలుగుసార్లు అడిగి పెట్టేస్తారు. అందుకే ఈ కాగితం. పెట్టె అడుగున తూకపు రాళ్ళ సొరుగులో పెట్టి బస్సు పార్సిలులో పంపుతున్నాను.

ఉత్తరం పైన వాతావరణం ఎందుకని అనుకోవద్దు. నాకు ఒక నోటు బుక్కు ఉంది. రోజూ తేదీ, వాతావరణం, చేసిన పని, షాపు మూసేముందు నా ఖాళీ త్రాసు ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూసుకోవడం, ఈ నాలుగూ రాస్తాను. ఇరవై రెండేళ్ళ అలవాటు. పెన్ను పడితే చేయి దానంతట అదే మొదలుపెడుతుంది.

ఒక సందేహం. న్యూట్రినో అనే కణానికి బరువుందని, ఎంతుందో ఇంతవరకు ఎవరూ తూచలేదని పేపర్లో చదివాను. తూచకుండా బరువుందని ఎట్లా తెలిసింది? నేను పదో తరగతి తప్పినవాణ్ని. తర్వాత చదివిందంతా పాత పుస్తకాల అంగట్లో దొరికినవే. అయితే తూకం నా పని కాబట్టి ఈ మాట మింగుడు పడలేదు. తీరిక లేకపోతే వదిలేయండి.

సాయంత్రం సున్నా చూశాను. సరిగ్గా ఉంది.

హబీబుల్లా
త్రాసుల రిపేరు

*

పులివెందుల
డిసెంబరు 24

హబీబుల్లా గారికి,
వ అలైకుం అస్సలాం.

మీ ఉత్తరాన్ని మా ల్యాబ్ అసిస్టెంటు శివ "మేడం, బిల్లు" అని నా చేతికిచ్చాడు. బిల్లు చదువుతూ నవ్వే మనిషిని అతను ఎప్పుడూ చూడలేదట.

ఈ ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ ఎనిమిదేళ్ళలో నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "మేడం, ఇది పరీక్షకు వస్తాదా?" ఇప్పుడు ప్రొద్దుటూరు నుంచి, తూకపు రాళ్ళ కింద నుంచి, అసలైన ప్రశ్న వచ్చింది. తీరిక లేకపోతే వదిలేయాలా? ఆ రోజు అన్నం అడుగంటించి మరీ తీరిక చేసుకున్నాను.

వినండి. పులివెందులలో చీనీకాయలు ఎక్కించిన లారీ బయల్దేరింది. ముద్దనూరు దగ్గర ఆపి చూస్తే అరటికాయలు. ఎర్రగుంట్లలో చూస్తే మళ్ళీ చీనీకాయలు. తాళం ఎవరూ తీయలేదు. న్యూట్రినోలు చేసేది అదే. అవి మూడు రకాలు. సూర్యుడిలో ఒక రకంగా పుట్టి, దారిలో ఇంకో రకంగా మారి మన దగ్గరికి వస్తాయి. బరువే లేని వస్తువు కాంతి వేగంతో పోవాలి. అంత వేగంతో పోయేదానికి కాలం గడవదు. కాలం గడవనిది మారే వీల్లేదు. ఇవి మారుతున్నాయి, కాబట్టి వాటికి కాలం గడుస్తోంది, కాబట్టి బరువుంది. ఎంతంటే, ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కన్నా తక్కువ. అంతవరకే తెలుసు.

ఇప్పుడు మీ బొటనవేలి గోరు చూసుకోండి. సూర్యుడి నుంచి వచ్చినవి ఆరు వేల కోట్లకు పైగా, ఒక్క సెకనులో, దాన్ని దాటి పోయాయి. ఒక్కటీ తగల్లేదు.

త్రాసు చాలా బాగుంది. కాకపోతే ఎడమవైపుకు కొంచెం లాగుతున్నట్టు అనుమానం. మళ్ళీ పంపుతున్నాను.

మెహబూబున్నీసా

*

ప్రొద్దుటూరు
జనవరి 6, సోమవారం. చలి. బస్టాండు నుంచి మీ పెట్టె తెచ్చాను.

మేడం గారికి,
అస్సలాము అలైకుం.

త్రాసుకు ఏ దోషమూ లేదు. ఎడమ పళ్ళెం కింద అరటి నార ఒకటి, అంగుళం పొడవుది, మూడు మడతలు పెట్టి ఉంది. నార దానంతట అది మూడు మడతలు పడదు. మీ విద్యార్థులను గమనించండి.

లారీ సంగతి అర్థమైంది. నాలుగుసార్లు చదివాను. గోరు కూడా చూసుకున్నాను. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

రెండో సందేహం. బరువుంటే ఉంది. అంత తక్కువ ఎందుకు? ఏ అంగట్లోనైనా రాళ్ళ వరుస ఉంటుంది. కిలో, అరకిలో, పావు, అట్లా దిగుతూ వస్తాయి. మధ్యలో ఏమీ లేకుండా ఒక్కసారిగా పది లక్షల వంతుకు దిగే వరుస నేను చూడలేదు. ఆ రాయి తయారుచేసినవాడు వేరే అయ్యుండాలి.

సున్నా సరిగ్గా ఉంది.

హబీబుల్లా

*

పులివెందుల
జనవరి 25

హబీబుల్లా గారికి,

విద్యార్థులను గమనిస్తున్నాను. నేరస్థులు ఇంకా దొరకలేదు.

"ఆ రాయి తయారుచేసినవాడు వేరే" అన్నారు చూడండి, ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి తుడవకుండా ఉంచాను. దేశదేశాల వాళ్ళు తల పట్టుకున్నది సరిగ్గా దానికే.

మిగతా కణాలకు బరువు వచ్చే పద్ధతి ఇది. ప్రతి కణానికీ రెండు రూపాలు. మరలాగా ఎడమకు తిరిగేది ఒకటి, కుడికి తిరిగేది ఒకటి. అంతటా నిండి ఉన్న ఒక క్షేత్రం ఈ రెంటినీ ముడివేస్తుంది. ముడి ఎంత గట్టిదైతే బరువు అంత. న్యూట్రినోలో మాత్రం ఎడమ రూపమే కనబడింది. కుడిది ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. మీ భాషలో చెప్పాలంటే అది ఒకే పళ్ళెం ఉన్న త్రాసు. అందుకే పాత సిద్ధాంతం దాని బరువు సున్నా అని రాసేసి పుస్తకం మూసింది.

ఇప్పుడు చాలామందికి ఇష్టమైన ఊహ ఏమిటంటే, రెండో పళ్ళెం ఉంది. అందులో కూర్చున్నది మహా బరువు, ఏ యంత్రమూ పుట్టించలేనంత బరువు. అది అంత బరువు కాబట్టే ఇది ఇంత తేలిక. పార్కులో పిల్లలు చెరో చివర కూర్చునే ఊగుడు బల్ల ఉంటుందే, దాని పేరే పెట్టారు ఈ పద్ధతికి. ఇది రుజువు కాలేదు. వేరే ఊహలూ ఉన్నాయి. నాకు మాత్రం ఇదే ముద్దు.

ఇంకో మాట. ఎనిమిదేళ్ళు నిండాయి కాబట్టి వచ్చే ఎండాకాలం నన్ను ఈ ఊరి నుంచి కదిలిస్తారు. ఎక్కడికో ఇంకా తెలియదు. త్రాసు ఇక్కడే ఉంటుంది, నేను ఉండను.

మెహబూబున్నీసా

తా.క. కుడి పళ్ళెం లాగుతోంది ఈసారి.

*

ప్రొద్దుటూరు
ఫిబ్రవరి 8, శనివారం. ఎండ ముదిరింది. మీ పెట్టె తెరిచి, కుడి పళ్ళెం కింది అరటి నార తీశాను.

మేడం గారికి,
అస్సలాము అలైకుం.

బస్టాండు పార్సిలు ఆఫీసులో అన్సర్ అని ఉంటాడు. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. ఈసారి పెట్టె నా చేతికి ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"ఏంది భాయ్, దీనికేం రోగం? నెలకొకతూరి వస్తాండాది, పోతాండాది. మా అత్త గూడా ఇన్నిసార్లు ఆస్పత్రికి పోలే."

పాత త్రాసు అన్నాను.

"పాతదే. పంపే చెయ్యి మాత్రం కొత్తగా ఉందిలే. పైన అడ్రసు శానా సింగారంగా రాసినారు" అన్నాడు. ఇది మీకు రాయవచ్చో లేదో తెలియదు. జరిగింది కాబట్టి రాశాను.

ఊగుడు బల్ల సంగతి. క్షమించాలి, ఆ పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడూ త్రాసు పట్టుకున్నవాళ్ళు కాదు. అవతల బరువు కూర్చుంటే ఇవతలివాడు పైకి లేస్తాడు. లేచినంత మాత్రాన తేలికవుతాడా? వాడి బరువు వాడికే ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో, ఎదురు పళ్ళెంలో ఏం వేసినా బంగారం బరువు తగ్గడం నేను చూడలేదు.

వారం రోజులు ఇదే ఆలోచన. నిన్న ఒక బియ్యం మిల్లు నుంచి పాత కాటా వచ్చింది. బస్తా ఒక పక్క కొక్కేనికి వేలాడదీసి, రెండో పక్క పొడుగాటి దండె మీద గుండు జరుపుతారు కదా, ఆ రకం. బస్తా అదే ఉంచి గుండ్లు మార్చి చూశాను. పెద్ద గుండు వేస్తే దగ్గరే నిలబడుతుంది. చిన్నది వేస్తే దూరం పోవాలి. గుండు బరువును దూరంతో గుణిస్తే ప్రతిసారీ ఒకటే లెక్క. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. నాకు తోచింది ఏమంటే, మీ రెండు న్యూట్రినోలూ పళ్ళేలలో లేవు. అవి గుణకారంలో ఉన్నాయి. వాటి బరువులు గుణిస్తే వచ్చేది మారదు. కనబడనిది ఎన్ని రెట్లు పెరిగితే కనబడేది అన్ని రెట్లు తరుగుతుంది. తప్పయితే కొట్టేయండి.

బదిలీ అన్నారు. చదివాను.

సున్నా సరిగ్గా ఉంది.

హబీబుల్లా

*

పులివెందుల
మార్చి 3

హబీబుల్లా గారికి,

కొట్టేయాలా? ఎమ్మెస్సీలో రెండు పేజీల సమీకరణాలు రాసి మేము చేరుకున్న చోటికి మీరు బియ్యం కాటా మీద వెళ్ళారు. అదే. అచ్చంగా అదే. రెండూ గుణిస్తే వచ్చేది మారదు. మీ ఉత్తరం పట్టుకుని స్టాఫ్ రూములో నిలబడి "అదే" అని పైకే అన్నాను. కెమిస్ట్రీ ఆయన తన టిఫిను డబ్బా అడుగుతున్నాననుకుని ఇచ్చేశాడు.

క్లాసులో మీ కాటా బొమ్మ వేసి చెప్పాను. స్పందన అని చివరి బెంచీ పిల్ల, ఏడాదంతా నోరు విప్పనిది, లేచింది. "అంటే మేడం, ఆ పక్క ఎవరో కనపడకుండా అంత బరువుగా కూర్చుంటేనే ఈ పక్క ఈయప్ప గాల్లో తేల్తాండాడా?" అంది. అవునన్నాను. "పాపం, ఈయప్పకు ఆ సంగతి తెల్సునా మేడం?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్నను మీకే పంపుతున్నాను.

మీకు ఇంకో కానుక. సూర్యుడి దాకా పోనక్కర్లేదు. అరటిపండులో ఉండే పొటాషియంలో కొంత తనంతట తాను విచ్చిపోతూ ఉంటుంది. విచ్చినప్పుడల్లా ఒక న్యూట్రినో బయటికి పోతుంది. (శాస్త్రంగా అయితే ఎక్కువ భాగం దాని ప్రతిరూపం. అదీ ఇదీ ఒకటేనేమో అన్న అనుమానం కూడా ఉంది, ఆ గొడవ ఇంకోసారి.) ఒక్క పండు నుంచి సెకనుకు పది, పదిహేను. ఇప్పుడు మా ఊరి నుంచి ఢిల్లీకి పోయే అరటి లారీలు తలుచుకోండి. మనిషి ఒంట్లోనూ పొటాషియం ఉంది. ఒక్కో మనిషి నుంచి సెకనుకు నాలుగు వేల దాకా పోతాయి. కూర్చున్నా, నిద్రపోయినా, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకపోయినా.

బదిలీ అన్నాను, చదివాను అన్నారు. ఇంకొంచెం చదవండి. కంప్యూటరులో ఊళ్ళ పేర్లు వరుసగా పెట్టమంటారు. మొదట పెట్టినదే దాదాపు ఖాయం. మదనపల్లెలో మా అన్న ఇలియాస్ ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట మా ఇంటాయన పోయినప్పటి నుంచి నన్ను ఎక్కడ పెట్టాలో ఆయనే ఆలోచిస్తాడు. మేడమీద గదికి సున్నం కూడా వేయించాడు. జమ్మలమడుగులో ఖాళీ ఉంది. ప్రొద్దుటూరులోనూ ఉంది. ఏది మొదట పెట్టమంటారు?

మెహబూబున్నీసా

*

ప్రొద్దుటూరు
మార్చి 16, ఆదివారం. వడగాలి. సెలవు. పని లేదు కాబట్టి లెక్క చేశాను.

మేడం గారికి,
అస్సలాము అలైకుం.

బదిలీ సంగతి అడిగారు. మదనపల్లెలో వాతావరణం చల్లగా ఉంటుంది.

మీరు రాసిన నాలుగు వేల మాట మూడు రోజులు నన్ను పని చేయనివ్వలేదు. మీ నుంచి బయల్దేరిన వాటిలో నా దాకా ఎన్ని వస్తాయి అని ఆలోచన వచ్చింది. అవి అన్ని వైపులకూ సమంగా పోతాయి. పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు డెబ్బై కిలోమీటర్లు. అంత దూరం చుట్టూ గోళం గీస్తే దాని ఉపరితలం 6,160 కోట్ల చదరపు మీటర్లు. నేను సన్నటి మనిషిని. ఎదురుగా చూస్తే అర చదరపు మీటరు ఉంటాను. గుణించి భాగించి చూశాను. దాదాపు ఏడాదికి ఒకటి.

సూర్యుడివి గోటి మీదే సెకనుకు వేల కోట్లు. ఇది ఏడాదికి ఒకటి. అయినా రెండో లెక్కే మళ్ళీ మళ్ళీ చేశాను.

అయితే నాలుగు వేలు అన్నది మనిషి బరువును బట్టి మారుతుంది. కాబట్టి మీ బరువు ఎంతో తెలియజేయగలరు. గ్రాముల దాకా అక్కర్లేదు. కిలోలు చాలు.

సున్నా సరిగ్గా ఉంది.

హబీబుల్లా

*

ప్రొద్దుటూరు
ఏప్రిల్ 7, సోమవారం. ఎండ. పని ఉంది, చేయలేదు.

మేడం గారికి,
అస్సలాము అలైకుం.

మూడు వారాలైంది. పెట్టె రాలేదు. రోజూ బస్టాండుకు పోతున్నాను. అన్సర్ ఈరోజు కూర్చోబెట్టి అడిగాడు, ఆఖరి ఉత్తరంలో ఏం రాసినావని. చెప్పాను.

"ఆడమనిషిని బరువెంతని అడిగినావా?"

లెక్క కోసం అన్నాను.

"లెక్క కోసమా. భాయ్, నువ్వు ఆ త్రాసుతోనే నిఖా చేసుకో. ఖాజీని నేను పిలుస్తా. పెండ్లికూతురికి మహరు కింద పావుకిలో రాయి ఇయ్యి" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

అప్పుడు అర్థమైంది. నా దగ్గరికి వచ్చే ప్రతి వస్తువునూ మొదట అదే అడుగుతాను. మనుషులతో మాట్లాడే అలవాటు లేకపోవడం వల్ల వచ్చిన తప్పు. క్షమించాలి. లెక్క చింపేస్తాను. చెప్పండి చాలు.

ఈ ఉత్తరం పెట్టె లేకుండా పోస్టులో వేస్తున్నాను.

సున్నా సగం గీత పక్కకు చూపింది. సరిచేశాను.

హబీబుల్లా

*

పులివెందుల
ఏప్రిల్ 19

హబీబుల్లా గారికి,

లెక్క చింపితే నేనే ప్రొద్దుటూరు వచ్చి అతికిస్తాను.

అరవై రెండు. బస్టాండులో రంగు బల్బుల మిషను ఎక్కి చూసుకున్నాను. చీటీ వెనక "మీకు త్వరలో శుభవార్త" అని కూడా వచ్చింది. లెక్కలో దానికి చోటుంటే వేసుకోండి.

మీ ఉత్తరం అందినప్పుడు పరీక్ష హాలులో ఉన్నాను. పిల్లలు రాస్తుంటే నేను చదువుతూ "గ్రాముల దాకా అక్కర్లేదు" దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. పిల్లలు పెన్నులు దించి నన్ను చూశారు. ఆ వెంటనే పేపర్లు దిద్దడానికి కడపకు పిలిచారు, మూడు వారాలు అక్కడే. జవాబు ఆలస్యమైంది అందుకే, కోపం వచ్చి కాదు.

ఇప్పుడు మాస్టారుగా మాట్లాడతాను. మీ లెక్కలో ఘోరమైన తప్పుంది. డెబ్బై కిలోమీటర్లు ఎక్కడివి? బస్సు టికెట్టు చూసి వేశారు కదూ. న్యూట్రినో ముద్దనూరులో టీకి ఆగి రాదండీ. దానికి రోడ్డు అక్కర్లేదు, కొండ అడ్డం కాదు. తిన్నగా వస్తుంది. తిన్నగా కొలిస్తే యాభై. ఇరవై రెండేళ్ళుగా పార్సిళ్ళు పంపే మనిషి తప్ప ఈ తప్పు ఇంకెవరూ చేయలేరు. నాలుగు వేలు మాత్రం నా అరవై రెండుకు దాదాపు సరిపోయింది. మళ్ళీ చేశాను. గోళం 3,140 కోట్లు. ఏడాదికి కాదు, నూట ఎనభై రెండు రోజులకు ఒకటి. ఆరు నెలలు. మీరు అనుకున్నదానిలో సగం ఎదురుచూస్తే చాలు.

ఏ రోజు నుంచి లెక్కపెడతారు?

ఊళ్ళ వరుస పెట్టడానికి ఆఖరు రోజు జూన్ 2, సాయంత్రం ఐదు. మదనపల్లె వాతావరణం గురించి నేను మిమ్మల్ని అడగలేదు.

మెహబూబున్నీసా

*

జమ్మలమడుగు
మే 12, సోమవారం. ఎండ, సాయంత్రం నాలుగు చినుకులు. ఇక్కడ త్రాసులకు ముద్రలు వేసే క్యాంపు. పదకొండు త్రాసులు చూశాను.

మేడం గారికి,
అస్సలాము అలైకుం.

యాభై సరే. ఒప్పుకుంటున్నాను. అన్సర్‌కు కూడా చెప్పాను. న్యూట్రినోకు టికెట్టు ఎవరు కొడతారని అడిగాడు.

ఏ రోజు నుంచి అన్నారు. ఒక సంగతి చెప్పాలి. మీ పెట్టె మొదట నా దగ్గరికి వచ్చింది డిసెంబరు 2న. బాగుచేసింది ఆ రోజే, రెండు గంటల పని. తిరిగి పంపింది 11న. తొమ్మిది రోజులు ఊరికే ఉంచుకున్నాను. పెట్టెలో మీ నంబరున్న చీటీ మీద "మెల్లగా చూసుకోండి, ఈ త్రాసు నాకన్నా సీనియర్" అని ఉంది. ఇన్నేళ్ళలో త్రాసుతో పాటు ఒక మాట పంపిన మనిషి లేరు. ఆ చీటీ నోటు బుక్కులో ఉంది. కాబట్టి డిసెంబరు 2 నుంచి లెక్క. నూట ఎనభై రెండో రోజు జూన్ 2 అవుతుంది. నేను కావాలని కుదిర్చింది కాదు. రెండుసార్లు కూడి చూశాను.

క్యాంపు అయ్యాక ఇక్కడి జూనియర్ కాలేజీ దాకా నడిచాను. గేటు ఎదుట వేపచెట్టు ఉంది. బస్టాండు దగ్గరే. ప్రొద్దుటూరుకు బస్సులు తొందర తొందరగానే ఉన్నాయి. నిన్న ప్రొద్దుటూరు కాలేజీ కూడా చూశాను. గేటు నుంచి మా షాపుకు నాలుగు వందల పన్నెండు అడుగులు. మామూలుగా నడిస్తే. షాపు వెనక ఇల్లు. అమ్మ పోయాక ఆరేళ్ళుగా రెండు గదులు తాళం వేసి ఉన్నాయి. నిన్న తీసి కిటికీలు తెరిచాను.

మీకు ఉపయోగపడతాయని ఈ వివరాలు.

సున్నా ఇక్కడ చూసే వీలు లేదు.

హబీబుల్లా

*

పులివెందుల
మే 27

హబీబుల్లా గారికి,

వివరాలు అందాయి. అడుగులు లెక్కపెట్టారు, కిటికీలు తెరిచారు, చెట్టు కూడా చూసి వచ్చారు. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

నేను చెప్పాల్సింది ముందు చెప్పేస్తాను. ఆ నార మడిచింది నేనే. రెండుసార్లూ. మొదటిసారి రెండు మడతలే పెట్టాను. పళ్ళెం వాలలేదు, అందుకే మూడు. నేరస్థురాలు దొరికింది.

మొన్న అన్న ఫోన్ చేశాడు. మదనపల్లె మొదట పెట్టినావా లేదా అని. లేదన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను.

"ఎవరా మనిషి?"

"త్రాసులు బాగుచేస్తాడు."

"ఏం మాట్లాడతాడు?"

"ఏం మాట్లాడడు."

"అయితే మంచోడే. మీ వదిన గూడా అట్లాంటోడే దొరికుంటే బాగుండునంటాది" అన్నాడు.

కంప్యూటరులో మొదటి గడి ఖాళీగా ఉంది. అన్న నింపడు, నేనూ నింపను. జూన్ 2న పొద్దున బస్సులో పెట్టె పట్టుకుని నేనే వస్తున్నాను. త్రాసుకు ఏ దోషమూ లేదు. నాలుగు గంటల లోపు మీ నోటి నుంచి ఒక మాట రావాలి. మీకు మాట రాదని తెలుసు. రాసి ఇచ్చినా చెల్లుతుంది. రాకపోతే సాయంత్రం ఐదులోపు మదనపల్లె నింపి, అక్కడి చల్లటి వాతావరణం గురించి మీకు ఉత్తరం రాస్తాను.

ఇంకో షరతు. మేడం అనకూడదు.

మెహబూబున్నీసా

*

ప్రొద్దుటూరు
జూన్ 2, సోమవారం. పొద్దున ఎండ, తొమ్మిది నుంచి మబ్బు, గాలి బాగుంది. షాపు చిమ్మాను. మళ్ళీ చిమ్మాను.

మెహబూబున్నీసా గారికి,
అస్సలాము అలైకుం.

ఈ ఉత్తరం పార్సిలులో కాదు, చేతికే ఇస్తాను. అందుకని త్వరగా రాస్తున్నాను.

ఈరోజు నూట ఎనభై రెండు. లెక్క ప్రకారం మీ నుంచి బయల్దేరినది ఒకటి ఈరోజుకు నా గుండా పోయుండాలి. పోయినా నాకు తెలియదు. అది ఆగదు, తగలదు, గుర్తు వదలదు. అయితే ఎనిమిదిన్నరకు టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఏ కారణమూ లేకుండా నవ్వాను. ఎదురింటి హసీనాబీ చూసి, "ఏమైంది అబ్బాయ్, ఒంట్లో బాగుందా" అని అడిగింది. నోటు బుక్కులో వేళ రాసుకున్నాను.

మీ స్పందన అడిగిన ప్రశ్నకు జవాబు. ఈయప్పకు తెలుసు. డిసెంబరు నుంచి తెలుసు. ఈ పక్క ఇంత తేలిగ్గా ఉండడానికి ఆ పక్క ఎవరో ఉండాలని. రుజువు లేదు కాబట్టి పైకి అనలేదు.

ఇంకో లెక్క కూడా చేశాను. యాభై కిలోమీటర్ల దూరంలో ఆరు నెలలకు ఒకటి. మీరు నా బల్లకు అవతల, ఒక మీటరు దూరంలో, కుర్చీలో కూర్చుంటే సెకనుకు నూట యాభై తొమ్మిది. నాలుగుసార్లు సరిచూశాను. కుర్చీ తుడిచి పెట్టాను. దూరం కూడా కొలిచాను, సరిగ్గా మీటరు.

మొదటి గడిలో ప్రొద్దుటూరు అని పెట్టండి. నన్ను నిఖా చేసుకోండి. మీ అన్నను అడగడానికి మదనపల్లె వస్తాను. అక్కడ నోటితోనే మాట్లాడతాను. ఇప్పటినుంచే అన్సర్ ముందు అలవాటు చేస్తున్నాను. పొద్దున నాలుగు వాక్యాలు చెప్పాను. మూడోది బాగుందన్నాడు.

రోడ్డు అవతల నుంచి వాడే అరుస్తున్నాడు. "భాయ్, మేడం దిగింది. పెట్టె నాకియ్యమంటే ఇయ్యలే, తానే మోసుకొస్తాండాది. నువ్వింకా ఆడ రాస్తానే ఉండావా?"

కనబడుతున్నారు. నీలం గొడుగు. పెట్టెను పసిబిడ్డలా పట్టుకున్నారు. నాలుగు వందల అడుగులు ఉండవచ్చు. తగ్గుతున్నాయి.

ఈరోజు షాపు తొందరగా మూస్తాను. మూసేముందు త్రాసు సున్నా—